సొంత క్రెడిట్ కార్డుతో వ్యాపారం: ఎక్కడిదాకా మీకు రక్షణ?

ఈ రోజు టాపిక్, క్రెడిట్ కార్డు పెట్టి చిన్న వ్యాపారం నడపడం. రివార్డ్ పాయింట్లు, ఎయిర్‌పోర్ట్ లౌంజ్, ఏ కార్డు బెస్ట్, ఇవేవీ ఈ ఎపిసోడ్‌లో ఉండవు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు.

మా పెద్దమ్మ కూతురు గుంటూరులో ఉంటుంది. ఇంట్లోనే చీరల వ్యాపారం, పక్కన బ్లౌజులు కుడుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెడుతుంది, టీచర్లు, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు తీసుకుంటారు. ఆవిడ ఒకే క్రెడిట్ కార్డు మీద ఒకే ఏడాదిలో ఒక కుట్టు మిషన్ కొంది, సూరత్ నుంచి చీరలూ కొంది. మనిషి ఒకటే, కార్డు ఒకటే, బ్యాంకు ఒకటే. కానీ చట్టం దగ్గరికి వెళ్తే, మిషన్ కొన్నప్పుడు ఆవిడ వినియోగదారు, చీరలు కొన్నప్పుడు కాదు. ఇది మాకు తెలిసేసరికి చేతులు కాలాయి. మీకు కాలకూడదని ఈ ఎపిసోడ్.

ముందు వడ్డీ సంగతి. ఇది తెలుసులే అనుకోకండి, అక్కకీ తెలుసు, డిగ్రీ చదివింది.

శ్రావణ మాసం అంటే చీరల వాళ్లకి పండగ. వరలక్ష్మీ వ్రతానికి ఎవరైనా కొత్త చీర కొంటారు. అందుకని జూన్ 5న కార్డు మీద 60,000 రూపాయల స్టాక్ తెప్పించింది. కార్డు బిల్లు జూన్ 20న తయారైంది, కట్టాల్సిన ఆఖరి తేదీ జూలై 10. అంటే 35 రోజులు పైసా వడ్డీ లేకుండా డబ్బు వాడుకోవచ్చు. ప్లాన్ బాగానే ఉంది కదా? కాకపోతే మన దగ్గర చీరలు అమ్మేది ఎలా? నెలకి ఐదొందలు, వెయ్యి చొప్పున వాయిదాలు. మొహమాటానికి అడ్వాన్స్ కూడా అడగం. జూలై 10 నాటికి స్టాక్ సగం పైన అమ్ముడైంది కానీ చేతికొచ్చింది పద్దెనిమిది వేలు. అందులో ఇంటి అద్దె, పిల్లల ఫీజు పోగా మిగిలినదానితో బిల్లులో కనిపించిన మినిమమ్ డ్యూ 3,000 కట్టింది. ఇంకా 57,000 ఉంది, దాని మీద వడ్డీ పడుతుంది, వచ్చే నెల చూసుకుందాం అనుకుంది.

వచ్చే నెల బిల్లు చూసి నాకు ఫోన్. "ఒరేయ్, నేను మూడు వేలు కడితే బాకీ తగ్గకుండా పెరిగిందేంట్రా?"

లెక్క చూద్దాం. ఆవిడ కార్డు మీద వడ్డీ నెలకి 3.5 శాతం. మన భాషలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ని రక్తం తాగేస్తున్నాడు అంటాం, జేబులో మాత్రం మూడున్నర రూపాయల వడ్డీ పెట్టుకుని తిరుగుతాం. ఏడాదికి 42 శాతం. చాలా కార్డుల్లో మొత్తం బిల్లు కట్టకపోతే ఆ వడ్డీ లేని గడువు వెనక్కి తీసేసుకుంటారు. వడ్డీ మొదలయ్యేది జూలై 10 నుంచి కాదు, కొన్న రోజు నుంచి. జూన్ 5 నుంచి జూలై 10 వరకు 35 రోజులకి 60,000 మీద 2,416 రూపాయలు. అక్కడి నుంచి జూలై 20 బిల్లు దాకా పది రోజులకి 57,000 మీద 656 రూపాయలు. మొత్తం 3,072. దాని మీద జీఎస్టీ 18 శాతం, అది 553. అన్నీ కలిపితే 3,625. కట్టింది మూడు వేలు, కొత్తగా ఎక్కింది మూడు వేల ఆరొందల పాతిక. ఇది మోసం కాదండీ, కార్డుతో వచ్చిన కాగితాల్లో రాసే ఉంటుంది. మోస్ట్ ఇంపార్టెంట్ టర్మ్స్ అండ్ కండిషన్స్ అని ఒక పేజీ ఉంటుంది, పేరులోనే ఇంపార్టెంట్ అని ఉన్నా ఎవ్వరం చదవం.

ఇంకోటి. పాత బాకీ మిగిలి ఉండగా కొత్తగా ఏం కొన్నా దానికి వడ్డీ లేని రోజులు ఉండవు. గీకిన రోజు నుంచే వడ్డీ. అక్క ఆ నెలలో కిరాణా, గ్యాస్, కరెంటు బిల్లు కూడా అదే కార్డు మీద కట్టింది. షాపు బాకీ వల్ల ఇంట్లో పప్పూ ఉప్పు మీద కూడా మూడున్నర రూపాయల వడ్డీ పడింది అన్నమాట.

ఈ వడ్డీకి పైన హద్దు లేదా అని అడుగుతారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం దాటకూడదని చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ ఆర్డర్‌ని కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు 30 శాతం అనే గీత లేదు. పాత వీడియోల్లో ఇంకా ఆ 30 శాతం మాట వినిపిస్తూ ఉంటుంది, నమ్మకండి.

మరి అక్క అప్పుడే ఏం చేసి ఉండాల్సింది? ఒకటి, తన డబ్బు చేతికొచ్చే రోజులకి తగ్గట్టు బిల్లు తేదీ మార్చుకోవాల్సింది. జీతాలు ఒకటో తారీఖు పడతాయి, ఆవిడ కస్టమర్లు ఐదు నుంచి పదో తారీఖు మధ్య కడతారు. అప్పుడు డ్యూ డేట్ పదిహేను, పద్దెనిమిది అయితే హాయి. బిల్లింగ్ సైకిల్ కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్ ఉంది. కస్టమర్ కేర్ వాళ్లు కుదరదంటే ఆ రూల్ గుర్తు చేయండి. రెండోది, డ్యూ డేట్ జస్ట్ మిస్ అయితే కంగారు వద్దు. డ్యూ డేట్ దాటి మూడు రోజులకి మించి బాకీ ఉంటేనే లేట్ ఫీజు వేయాలి, సిబిల్ లాంటి సంస్థలకి లేటు అని చెప్పాలి. అది కూడా మిగిలిన బాకీ మీదే, మొత్తం బిల్లు మీద కాదు. ఇవన్నీ 2022లో ఆర్‌బీఐ క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో ఉన్నవి. బాకీ ఎప్పటికీ పెరుగుతూనే పోయేలా మినిమమ్ డ్యూ పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. అందుకే తర్వాతి నెల మినిమమ్ డ్యూలో పాత వడ్డీ, జీఎస్టీ మొత్తం కలిపి వచ్చింది. అక్కకి అది ఇంకో షాక్.

ఇక్కడే చాలామంది ఒక గోతిలో పడతారు. "క్రెడిట్ కార్డు టు క్యాష్, రెండు శాతం మాత్రమే" అని స్టిక్కర్లు చూసే ఉంటారు. షాపువాడి మెషిన్ మీద ఏదో కొన్నట్టు గీకుతాడు, కమీషన్ పట్టుకుని క్యాష్ ఇస్తాడు. ఆ క్యాష్‌తో పాత కార్డు కట్టడం, వచ్చే నెల ఇంకో కార్డు గీకడం. దీన్నే రొటేషన్ అంటారు. నెలకి రెండున్నర శాతం కమీషన్ అంటే ఏడాదికి 30 శాతం, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. పైగా అది లేని అమ్మకాన్ని ఉన్నట్టు చూపించడం, కార్డు షరతులకి పూర్తిగా వ్యతిరేకం. రేపు బ్యాంకుతో ఏ గొడవ వచ్చినా మీ మాట చెల్లదు. మీరు రూల్స్ అడిగే స్థితిలో ఉండాలంటే ఆ మెషిన్ దగ్గరికి వెళ్లొద్దు.

సరే, ఇప్పుడు అసలు కథ. దసరాకి ముందు అక్క ఇన్‌స్టాలో ఒక హోల్‌సేలర్‌ని చూసింది. 38,000 ఆర్డర్, పేమెంట్ లింక్, కార్డు మీదే కట్టింది. పార్సెల్ వచ్చింది. విప్పితే లోపల పాత సింథటిక్ చీరలు, కొన్నిటికి అంచులు చిరిగి ఉన్నాయి. ఫోన్ చేస్తే రెండు రోజులు "భెజ్ దేంగే మేడమ్" అన్నాడు, మూడో రోజు బ్లాక్ చేశాడు. అదృష్టం ఏంటంటే పార్సెల్ విప్పేటప్పుడు మా మేనకోడలు రీల్ కోసం వీడియో తీసింది. ఆ రీల్ మమ్మల్ని కాపాడింది.

అక్క బ్యాంకుకి ఫోన్ చేసింది. ఏ బ్యాంకో చెప్పను. అవతల అమ్మాయి అంది, "మేడమ్, ఇది బిజినెస్ పర్చేజ్‌లా కనిపిస్తోంది, మీది పర్సనల్ కార్డు, డిస్ప్యూట్ తీసుకోలేం." అక్క భయపడిపోయింది. తప్పు తనదే అనుకుంది. కార్డు క్యాన్సిల్ చేస్తారేమో, కేసు పెడతారేమో అని కూడా ఊహించుకుంది. తర్వాత మా బావ కోపం పట్టలేక కన్స్యూమర్ కోర్టులో వేసేద్దాం, బ్యాంకునీ వాణ్నీ ఇద్దర్నీ ఈడుద్దాం అని తెలిసిన అడ్వకేట్ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆయన రెండే ప్రశ్నలు అడిగారట. "ఈ చీరలు కట్టుకోడానికా, అమ్మడానికా?" అమ్మడానికే. "అయితే అమ్మా, నువ్వు ఈ చట్టంలో వినియోగదారువి కావు" అన్నారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వినియోగదారు అంటే ఎవరో చెప్పేచోటే ఉంది, తిరిగి అమ్మడానికి వస్తువు కొన్నవాళ్లు, వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాళ్లు ఇందులోకి రారు అని. ఒక మినహాయింపు ఉంది. తన బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధి కోసం మాత్రమే తాను వాడుకునే వస్తువు అయితే అది వాణిజ్య ప్రయోజనం కింద లెక్క కాదు. అదిగో, కుట్టు మిషన్ ఇక్కడికి వస్తుంది. ఆ మిషన్ మోటార్ నాలుగు నెలలకే కాలిపోయింది, షాపువాడు వారంటీ వర్తించదన్నాడు. అక్క 1915కి ఫోన్ చేసి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కంప్లైంట్ ఇస్తే మూడు వారాల్లో కొత్త మోటార్ వేశారు. మిషన్ మీద తనే కూర్చుని కుడుతుంది కాబట్టి వినియోగదారు. చీరలు తిరిగి అమ్ముతుంది కాబట్టి ఆ కొనుగోలుకి కాదు.

మరి బ్యాంకు సంగతి? వస్తువు అమ్మినవాడి మీద కాకపోయినా, కార్డు సేవ సరిగ్గా ఇవ్వని బ్యాంకు మీద వెళ్లొచ్చు కదా అని నేనూ అనుకున్నా. అక్కడ ఇంకో మెలిక. పాత 1986 చట్టంలో ఆ స్వయం ఉపాధి మినహాయింపు వస్తువులకీ సేవలకీ రెంటికీ ఉండేది. 2019 చట్టంలో ఆ వాక్యంలో వస్తువుల మాటే ఉంది, సేవల మాట లేదు. చిన్న వ్యాపారులకి ఇది పెద్ద నష్టం అని నా అభిప్రాయం. దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

కోర్టులు కూడా అటే చూస్తున్నాయి. వ్యాపారం కోసం ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్న ఒక స్టాక్ బ్రోకర్ బ్యాంకు మీద వేసిన కేసులో, ఆయన వినియోగదారు కాడని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఇంకో కేసు. రజనీకాంత్ కొచ్చడయాన్ గుర్తుందా, తెలుగులో విక్రమసింహ? ఆ సినిమా పోస్ట్ ప్రొడక్షన్ కోసం ఒక అడ్వర్టైజింగ్ కంపెనీ ఒక ప్రభుత్వ బ్యాంకు దగ్గర పది కోట్లు అప్పు తీసుకుంది. తర్వాత సెటిల్‌మెంట్ చేసుకుని కట్టేసింది. అయినా బ్యాంకు సిబిల్‌లో డిఫాల్టర్ అని చూపించింది. జాతీయ కమిషన్ 75 లక్షలు కట్టమంది. సుప్రీంకోర్టులో అది నిలవలేదు. బ్యాంకు తప్పు చేసిందా లేదా అన్నది కాదు ప్రశ్న, అప్పు లాభం కోసం తీసుకున్నది, కాబట్టి ఆ కంపెనీ వినియోగదారే కాదు అన్నారు. కావాలంటే వేరే దారిలో వెళ్లొచ్చు, ఈ చట్టం కింద కుదరదు. పది కోట్ల కంపెనీకీ మా అక్కకీ పోలికేంటి అంటారేమో. నిజమే, చిన్నవాళ్ల విషయంలో ప్రతి కేసులో ఆ లావాదేవీ అసలు ఉద్దేశం ఏంటని చూస్తారు. కానీ ఆ వాదన గెలవడానికే రెండేళ్లు పడితే 38,000 కోసం ఎవరు తిరుగుతారు?

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఒక్క నిమిషం వినండి, అక్కడా ఇలాంటిదే ఉంది. 2009లో వచ్చిన కార్డ్ యాక్ట్, వడ్డీ పెంచే ముందు 45 రోజుల నోటీసు ఇవ్వాలి లాంటి రక్షణలు తెచ్చింది. అవి కన్స్యూమర్ కార్డులకి. బిజినెస్ కార్డులకి ఆ చట్టం వర్తించదు. కొన్ని బ్యాంకులు వాటంతట అవే పాటిస్తాయి, అది వాళ్ల దయ. సైడ్ బిజినెస్ పెట్టిన వెంటనే బిజినెస్ కార్డు బోనస్ చూసి తీసుకునేవాళ్లు ఆ తేడా చూసుకోండి.

మన కథకి వద్దాం. కన్స్యూమర్ కోర్టు తలుపు దాదాపు మూసుకుంది. అయిపోయిందా? లేదు. ఆ కస్టమర్ కేర్ అమ్మాయి చెప్పింది తప్పు. అక్కకి మిగిలిన తలుపులు రెండు ఉన్నాయి, వాటికి నువ్వు వినియోగదారువా వ్యాపారివా అన్న గొడవ లేదు.

మొదటిది చార్జ్‌బ్యాక్. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే నెట్‌వర్క్‌లకి వాటి సొంత రూల్స్ ఉంటాయి. సరుకు రాలేదు, చెప్పిన సరుకు కాదు అని మన బ్యాంకు ద్వారా ఎదురు అడగొచ్చు. అప్పుడు సరైన సరుకే పంపానని నిరూపించుకోవాల్సింది అమ్మినవాడు. యూపీఐలో మన బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపేస్తే ఇంత బలమైన దారి లేదు. కొత్త సప్లయర్‌కి మొదటి ఆర్డర్ కార్డు మీద కట్టడంలో అసలు లాభం ఇదే, పాయింట్లు కాదు. కానీ గడువు ఉంటుంది, బిల్లు చూసిన వెంటనే కదలాలి. మనం ఏం చేశామంటే, ఫోన్లు ఆపేసి ఈమెయిల్ రాశాం. తేదీ, మొత్తం, ఆర్డర్ చేసిన కేటలాగ్ ఫోటో, వాట్సాప్ చాట్, విప్పిన వీడియో, పార్సెల్ మీద లేబుల్, "మెర్చంట్ బ్లాక్ చేశాడు" అని ఒక స్క్రీన్‌షాట్. కార్డు మీద వ్యాపారం కొనుగోలు అని మీరు తిరస్కరిస్తే ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా చెప్పండి అని ఒక లైను. ఆ లైనుకి జవాబు రాలేదు. డిస్ప్యూట్ నంబర్ వచ్చింది.

నిజం చెప్పుకోవాలి కాబట్టి ఒక మాట. పర్సనల్ కార్డు షరతుల్లో సొంత అవసరాలకి మాత్రమే వాడాలని చాలా బ్యాంకులు రాస్తాయి. అలా వాడినందుకు కార్డు ఆపే హక్కు వాళ్లకి ఉండొచ్చు. కానీ దాన్ని చూపించి మోసం మీద కంప్లైంటే తీసుకోం అనడం వేరు.

రెండో తలుపు అంబుడ్స్‌మన్. బిల్లులో తప్పుందని రాస్తే కార్డు బ్యాంకు 30 రోజుల్లోపు వివరణ ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్, ఫోన్‌లోనే అయిపోతుంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. సందేహాలుంటే 14448. ముందు బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు, అందుకే ఆ మొదటి ఈమెయిల్ ముఖ్యం. ఇక్కడ చీర కట్టుకోడానికా అమ్మడానికా అని ఎవరూ అడగరు. బ్యాంకు సేవలో లోపం ఉందా లేదా, అంతే.

ఇప్పుడు కార్డు దొంగతనం, ఫ్రాడ్. షాపులున్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. 2017లో ఆర్‌బీఐ ఇచ్చిన రూల్ ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మధ్యలో ఎక్కడో లీకై మీ కార్డు మీద ఎవరో వాడేస్తే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే మీ బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే ఐదు లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకి గరిష్ఠంగా 10,000 మీ మీద పడుతుంది. కానీ మీరే పిన్ గానీ ఓటీపీ గానీ ఇచ్చి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టమంతా మీదే. చిన్న షాపుల్లో జరిగేది ఇదే కదా? "ఒరేయ్, ఈ కార్డు తీసుకెళ్లి రెండు లీటర్ల నూనె పట్రా, పిన్ ఇది" అని కుర్రాడి చేతికి ఇస్తాం. స్టిక్కర్ మీద పిన్ రాసి కౌంటర్‌లో అంటించినవాళ్లని కూడా చూశాను. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. రేపు ఆ కార్డు మీద ఏ ఫ్రాడ్ జరిగినా పిన్ ఎవరికి చెప్పావని బ్యాంకు అడిగే మొదటి ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండదు. దానికి బదులు యాప్‌లో లిమిట్లు పెట్టుకోండి. ఆన్‌లైన్, ట్యాప్, విదేశీ వాడకం విడివిడిగా ఆఫ్ చేసుకునే వీలు ప్రతి కార్డుకీ ఉండాలి. ట్యాప్ చేస్తే 5,000 వరకు పిన్ అడగదు, గుర్తుంచుకోండి. ఫ్రాడ్ జరిగితే బ్యాంకుకీ, 1930కీ వెంటనే ఫోన్.

మరి ఇవన్నీ ఎందుకు, బిజినెస్ క్రెడిట్ కార్డే తీసుకుంటే పోలా? తీసుకోవచ్చు. లెక్కలు శుభ్రంగా ఉంటాయి. ఒక కార్డు మీద ఏడాదిలో పది లక్షలు దాటి బిల్లులు కడితే బ్యాంకు ఆ సంగతి ఇన్‌కమ్ ట్యాక్స్‌కి చెప్తుంది, క్యాష్‌గా అయితే లక్షకే. రిటర్న్‌లో నాలుగు లక్షల ఆదాయం, కార్డు బిల్లులు పద్నాలుగు లక్షలు అంటే నోటీసు రాక మానదు. వ్యాపారం ఖర్చు విడిగా కనిపిస్తే జవాబు తేలిక. కానీ ఒకటి చదివి సంతకం పెట్టండి. బాధ్యత అంతా వ్యాపార సంస్థదే అయ్యే బిజినెస్ కార్డుల్లో బిల్లు గడువు, రీఫండ్ సర్దుబాటు బ్యాంకూ ఆ సంస్థా ఎలా ఒప్పుకుంటే అలా ఉండొచ్చని 2024 మార్చిలో ఆర్‌బీఐ సవరణ ఇచ్చింది. అంటే మామూలు కార్డుకి రూల్‌గా ఉన్నది అక్కడ ఒప్పందం అయిపోతుంది. ఒప్పందం ఎవరు రాస్తారో మీకు తెలుసు. డబ్బు ఎందుకు వాడారో చూసుకునే బాధ్యత కూడా బ్యాంకు మీద పెట్టారు, కాబట్టి బిజినెస్ కార్డు మీద ఇంట్లోకి టీవీ కొనొద్దు.

ఇంకో భ్రమ, "వ్యాపారం మునిగితే షాపు మునుగుతుంది, నేను కాదు కదా" అని. మనలాంటి వాళ్లవి ప్రొప్రయిటర్ షాపులు. చట్టంలో షాపు వేరు, మీరు వేరు కాదు. బాకీ నిలిస్తే మీ సిబిల్ పోతుంది, రేపు ఇంటి లోనుకి వెళ్తే అక్కడ తగులుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి ఆ వివరాలు పంపాలి, కాబట్టి త్వరగానే తగులుతుంది. డిఫాల్ట్ అని పంపే ముందు కార్డు బ్యాంకు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి. రిపోర్టులో తప్పుంటే కంప్లైంట్ పెట్టాక 30 రోజుల్లో సరిచేయాలి, లేదంటే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఫ్రీ. ఈ రోజే చూసుకోండి.

రికవరీ ఏజెంట్లు కూడా. అక్క ఇంటికి ఒకసారి వచ్చారు. రాత్రి ఎనిమిదిన్నరకి, ఇద్దరు కస్టమర్లు చీరలు చూస్తుండగా. గట్టిగా కూడా మాట్లాడలేదట, గుమ్మంలో నిలబడి "మేడమ్, కార్డు బాకీ" అన్నారంతే. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని, నలుగురిలో అవమానించకూడదని, బంధువుల జోలికి వెళ్లకూడదని ఆర్‌బీఐ చెప్పింది. బాకీ ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదు. ఇంటి కెమెరాలో టైము, మనుషులు ఉన్నారు. ఆ క్లిప్‌తో బ్యాంకుకి ఈమెయిల్ పెట్టాక మళ్లీ ఎవరూ రాలేదు.

స్టాక్ కొనడానికి కార్డు కంటే ముద్ర లోను నయం. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద ఐదు లక్షల వరకు, తాకట్టు లేకుండా. వడ్డీ కార్డుతో పోలిస్తే చాలా తక్కువ, కాకపోతే బ్యాంకు చుట్టూ తిరగాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ సంస్థలకి ఐదు లక్షల లిమిట్‌తో ప్రత్యేక క్రెడిట్ కార్డులు ఇస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. రిజిస్ట్రేషన్ ఫ్రీ, అది ముందు చేసి పెట్టుకోండి. డబ్బులు అడిగే సైట్లు ఉంటే అవి సర్కారువి కావు.

అక్క డిస్ప్యూట్ ఏమైందని అడుగుతారు. మొదట 38,000 తాత్కాలికంగా వెనక్కి వేశారు. అమ్మినవాడు జవాబివ్వలేదు. రెండున్నర నెలలకి అది ఖాయం అయింది. అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను, ఆ వీడియో లేకపోతే మాకూ అయ్యేది కాదేమో. శ్రావణ మాసం అరవై వేలు మాత్రం, ఆ మినిమమ్ డ్యూ పుణ్యమా అని, తీరడానికి మార్చి దాకా పట్టింది. ఇప్పుడు ఆవిడ దగ్గర కార్డులు రెండు. ఒకటి ఇంటికి, రెండోది సరుకుకి, దాని మీద గులాబీ రంగు దారం చుట్టి ఉంటుంది. చీర వాయిదాలకి సగం అడ్వాన్స్ అడుగుతోంది. కొంతమంది కస్టమర్లు పోయారు.

మీ కార్డు బిల్లులో అర్థం కాని లైను ఏదైనా ఉంటే కార్డు నంబర్ కనపడకుండా చెరిపేసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని బిల్లులు పెట్టుకుని లైను లైను చూద్దాం. ఉంటాను.